సీవీసీకి సీల్డ్ కవర్ ఫిర్యాదు: కవర్‌కు 5 స్టార్లు, కుర్చీకి 2, మొత్తం మీద 3

నేను రివ్యూలు రాసే మనిషిని కాదు. ఇప్పటిదాకా రాసినయి రెండే, ఒకటి మిక్సీ రిపేర్ షాపు మీద, ఇంకోటి కాజీపేట దిక్కు ఒక టిఫిన్ బండి మీద, ఆ బండాయనకైతే 5 స్టార్లు ఇచ్చిన, ఇప్పటికీ ఆ మాట మీదనే ఉన్న. మరి సీవీసీ, అంటే కేంద్ర ఆఫీసులల్ల అవినీతి ఫిర్యాదులు చూసే సెంట్రల్ విజిలెన్స్ కమిషన్, అసొంటి సర్కారు ఆఫీసుకు రివ్యూ ఏందయ్యా అంటరేమో, ఎందుకు రాయొద్దు, అది సుత సర్వీసే కదా, మన పైసలతోటి నడుస్తది, "నువ్వు ధైర్యంగ చెప్పు, నీ పేరు మేం కాపాడ్తం" అని బోర్డు పెట్టుకున్నది, కాపాడిందా లేదా అనేది వాడినోడే చెప్పాలె. నేను వాడిన. రిటైర్ అయిన కాబట్టి ఇప్పుడు రాస్తున్న, కొలువుల ఉన్నప్పుడైతే రాయకపోదును, అది సుత ఒప్పుకుంటున్న.

ముందే చెప్త, నేను పనిచేసింది వరంగల్‌ల ఒక సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసు. ఏ ఆఫీసో చెప్ప, ఏ కొనుగోళ్లో చెప్ప. భయపడి కాదు, ఆ సర్వీసు రూలే అట్ల ఉన్నది, ఫిర్యాదు చేసినోడే బయట చాటుకుంటే ఇగ పేరు దాచే బాధ్యత వాళ్ల మీద ఉండదు. న్యాయమే అది, నా గుట్టు నేనే విప్పుకుని వాళ్లను అంటే ఎట్ల.

అసలు కథ ఎక్కడ మొదలైందంటే మా సెక్షన్ల నాకంటే పదేండ్లు చిన్నోడు ఒకాయన ఉండె, నన్ను అన్నా అన్నా అని తిరిగేటోడు. స్టోర్ రిజిస్టర్ల ఎక్కిన సామాను గోదాంల లేదని ఆయన కనిపెట్టిండు. కనిపెట్టినోడు ఊకుంటే అయిపోవు, ఊకోలే, పై ఆఫీసర్‌కు తెల్ల కాయితం మీద అప్లికేషన్ రాసి, కింద సంతకం పెట్టి, ఇన్‌వర్డ్ల ముద్ర ఏయించి మరీ ఇచ్చిండు. నేను అన్న, "తమ్మీ, ఎవరి మీద రాసినవో ఆయన టేబుల్ మీదికే ముందు పోతది గా కాయితం, చూస్కో" అని. "ముద్ర ఉన్నది కదన్నా, ఎట్ల దాస్తరు" అన్నడు. నిజమే, దాయలే. మూడు వారాలల్ల ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది, పరిపాలనా కారణాల వల్ల అని రాసి ఉండె. పిల్ల పదో తరగతి, తల్లికి డయాలసిస్, అన్నీ చెప్పుకున్నడు, ఎవరు వినలే. పోయేనాడు కాజీపేట స్టేషన్ల బండి ఎక్కిస్తుంటే ఒక్క మాట అడిగిండు, "నేను చేసింది తప్పానే అన్నా" అని. నా దగ్గర జవాబు లేకుండె. చాయ్ తాగుతవా అని అడిగిన, గంతే.

ఆఫీసులల్ల ఇట్లాంటోళ్లకు మనోళ్లు పెట్టే పేర్లు తెల్సు కదా. పెటిషన్ గాడు, చాడీకోరు. పేపర్ల మాత్రం ప్రజావేగు అని మంచి మాట రాస్తరు, నేనైతే ఆ మాట నోటితోటి అన్నోన్ని ఒక్కన్ని చూడలే, అందరు విజిల్‌బ్లోయర్ అనే అంటరు, అదే రాస్త నేను సుత. ఇంగ్లీష్‌ల ఈ పేరు దాచే ఫిర్యాదు ఏర్పాటుకు సర్కారు పెట్టిన పేరు ఇంకా అన్యాయం, పీఐడీపీఐ అంటే పబ్లిక్ ఇంటరెస్ట్ డిస్‌క్లోజర్ అండ్ ప్రొటెక్షన్ ఆఫ్ ఇన్ఫార్మర్స్ అట. ఇన్ఫార్మర్! ఆ ముసాయిదా రాసినాయన ఎన్నడన్న మా వరంగల్ దిక్కు వచ్చిండో లేదో. 80లల్ల 90లల్ల నక్సలైట్ల కాలంల మా ఊర్లల్ల ఒక మనిషికి పోలీస్ ఇన్ఫార్మర్ అని పేరు పడ్డదంటే వాని కథ ఒడిసినట్టే, పొద్దున చింతచెట్టు కింద కాయితం పెట్టి పడేసేటోళ్లు. ఆ కాలం చూసిన నా అసొంటోనికి "ఇన్ఫార్మర్ల రక్షణ" అని చదివితే ముందు ఒళ్లు జలదరించింది, తర్వాత నవ్వు వచ్చింది.

సరే, ఆ సర్వీసు సంగతి నాకెట్ల తెల్సిందంటే విజిలెన్స్ వారోత్సవాలల్ల. ఏటా అక్టోబర్ 31, సర్దార్ పటేల్ పుట్టిన రోజు పడే వారం చేస్తరు, బ్యానర్ కడ్తరు, అందరం నిలబడి చెయ్యి చాపి నిజాయితీ ప్రతిజ్ఞ చదువుతం, సమోసా తింటం. అదే సామాను మాయం చేసిన సారు ముందల నిలబడి ప్రతిజ్ఞ చదివిస్తుండె, మేం ఆయన వెనక చదువుతున్నం. బ్యానర్ కింద చిన్న అక్షరాలల్ల పీఐడీపీఐ కింద ఫిర్యాదు చేయొచ్చు, వివరాలు గోప్యం అని ఉండె. అందరు సమోసా దిక్కు చూస్తుంటే నేను ఆ చిన్న అక్షరాలు ఫోన్ల ఫోటో తీసుకున్న, బ్యానర్ ఫోటో తీస్తున్నట్టే తీసిన.

ఇగ రూల్స్ చెప్త, ఎందుకంటే సగం మంది ఇక్కడనే తప్పు చేస్తరు. చాలామంది అనుకునేది ఏందంటే పేరు దాస్తరంటే పేరు రాయొద్దు అని. ఉల్టా. ఆకాశరామన్న ఉత్తరాలు అక్కడ నడవయి, పేరు లేకపోతే వాళ్లు పీఐడీపీఐ కింద తీసుకోరు. నీ పేరు, అడ్రస్ ఉత్తరం లోపల ఉండాలె, మొదట్లనో చివర్లనో, లేకపోతే వేరే కాయితం మీద రాసి జత చేయాలె. కవర్ మీద మాత్రం అస్సలు ఉండొద్దు. కవర్ మంచిగ అంటించి, సెక్రటరీ, సెంట్రల్ విజిలెన్స్ కమిషన్, సతర్కతా భవన్, ఐఎన్ఏ, న్యూ ఢిల్లీ 110023 అని రాసి, పైన పీఐడీపీఐ ఫిర్యాదు అని పెద్దగ రాయాలె. అది రాయకపోతే మామూలు ఫిర్యాదు లెక్క తెరుస్తరు, అప్పుడు పేరుకు పూచీ లేదు. ఈమెయిల్ల, పోర్టల్ల పెట్టొద్దు, కాయితమే. ఇంకోటి, నాకు ప్రమోషన్ రాలే, నా ఇంక్రిమెంట్ ఆపిండ్రు అసొంటి సొంత బాధలు ఇందుల నడవయి, లంచమో, అధికారం దుర్వినియోగమో ఉండాలె. సెంట్రల్ ఆఫీసులు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు, సర్కారు బ్యాంకులు, ఇగో వీటి వరకే.

నాకు నచ్చింది ఏందంటే ఇదంతా ఆలోచించి పెట్టిండ్రు. మెయిల్ అయితే ఎవడు ఏ కంప్యూటర్ల చూస్తడో తెల్వదు, కవర్ అయితే ఒక్కడే చింపుతడు. ముప్పై ఏండ్లు టపాల్ సెక్షన్ పక్కన కూసున్నోన్ని, ఒక ఉత్తరం ఎన్ని చేతులు మారుతదో నాకు తెల్సు, అందుకే కవర్‌కు 5 స్టార్లు ఇచ్చేటందుకు నాకు చెయ్యి వణకలే.

పోస్టాఫీసు కాడ మాత్రం చెయ్యి వణికింది. మా ఇంటి కాడి పోస్టాఫీసుకు పోలే, అక్కడ అందరు ఎరికే. రెండు బస్సులు మారి వేరే దగ్గరికి పోయిన, హెల్మెట్ సుత పెట్టుకుని పోదామనుకున్న గాని బస్సుల హెల్మెట్ పెట్టుకుంటే ఇంకా అందరు చూస్తరని ఊకున్న. కౌంటర్ల ఒక చిన్న పిల్ల, కొత్తగ వచ్చినట్టున్నది.

"సార్, ఫ్రమ్ అడ్రస్ రాయలే మీరు."
"ఈ కవర్‌కు రాయొద్దమ్మా."
"స్పీడ్ పోస్ట్ సార్, ఫ్రమ్ ఉండాలె కదా, సిస్టం అడుగుతది."

నేను జేబుల నుంచి కాయితం తీసిన. ఇట్లాంటి కవర్లకు పంపేటోళ్ల పేరు, అడ్రస్ అడగొద్దని పోస్టల్ డిపార్ట్‌మెంట్ అన్ని ఆఫీసులకు చెప్పింది, అది ముందే ప్రింట్ తీసుకుని పోయిన (మీరు సుత తీసుకపోండ్రి, మస్తు పనికొస్తది). ఆ పిల్ల చదివింది, లోపలికి పోయి పోస్ట్‌మాస్టర్‌ను అడిగింది, ఆయన కళ్లద్దాల మీదికెల్లి నన్ను ఒక్కసారి చూసి తల ఊపిండు. రెండు నిమిషాలల్ల రశీదు చేతుల పెట్టింది. పోతుంటే మెల్లగ "ఆల్ ది బెస్ట్ సార్" అన్నది. అసలేం తెల్సు ఆమెకు, ఏం తెల్వదు, గాని ఆ మాట ఇంతవరకు మర్వలే.

తర్వాత ఏమైతదంటే, ఏం కాదు. అందింది అని ఉత్తరం రాదు, రూల్లనే ఉన్నది రాదని. కొన్ని రోజులకు ఒక ఉత్తరం వస్తది, ఈ ఫిర్యాదు చేసింది మీరేనా, ఇదే సంగతి ఇంకెవరికన్న రాసిండ్రా అని అడుగుతరు, దానికి అవును నేనే, ఇంకెవరికి రాయలే అని సంతకం పెట్టి పంపాలె. ఇది పంపకపోతే మీ ఫిర్యాదు పీఐడీపీఐ లెక్కల ఉండదు. చాలామంది ఇక్కడ జారిపోతరు, ఎందుకంటే అప్పటికి కోపం సల్లారి భయం మొదలైతది. నాకు సుత రెండు దినాలు పట్టింది సంతకం పెట్టేటందుకు. భద్రకాళి గుడి కాడ చెరువు కట్ట మీద కూసుని పెట్టిన సంతకం, సెంటిమెంట్ అనుకోండ్రి ఏదన్న అనుకోండ్రి.

ఆ తర్వాత వాళ్లు నీకు ఇంకో ముక్క రాయరు. నీ పేరు తీసేసి ఆ సంగతి సంబంధిత డిపార్ట్‌మెంట్ల చీఫ్ విజిలెన్స్ ఆఫీసర్‌కో, సీబీఐకో పంపుతరు, వాళ్లు చూస్కుంటరు. కొన్ని నెలలకు మా ఆఫీసుకు పై నుంచి ముగ్గురు వచ్చి స్టోర్ రిజిస్టర్లు పట్టుకపోయిండ్రు. నా ఉత్తరం వల్లనా, మామూలు ఇన్‌స్పెక్షనా, దేవునికెర్క. ఆ సారు సీటు మారింది, కొనుగోళ్లు సక్కగైనయి, ఎవరికి ఏం శిక్ష పడ్డదో మాత్రం నాకు తెల్వదు. నా మీద అనుమానం సుత ఎవరికి రాలే, ఆ వారం క్యాంటీన్ల నలుగురి పేర్లు తిరిగినయి గాని నా పేరు లేకుండె, జర చిన్నతనం అనిపించింది నిజం చెప్పాలంటే, ముప్పై ఏండ్ల సర్వీసుల నాకు అంత ధైర్యం ఉండొచ్చని ఒక్కడన్న అనుకోలే.

సర్వీసు వరకు ఇది. ఇక్కడితోటి ఆపితే 4 స్టార్లు ఇద్దును. గాని రిటైర్ అయినంక టైం దొరికింది కదా, ఈ ఏర్పాటు ఎట్ల వచ్చిందో, దాని మీద కూసునేటోళ్లు ఎవరో చదువుకుంట పోయిన, చదివినకొద్ది స్టార్లు రాలిపోయినయి.

ఇది పుట్టిందే ఒక చావు మీద. సత్యేంద్ర దూబే అని ఐఐటీ కాన్పూర్ల చదివిన ఇంజినీరు, జాతీయ రహదారుల సంస్థల పనిచేసేటోడు, బీహార్ల స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనులల్ల అక్రమాలు జరుగుతున్నయని నేరుగ ప్రధానమంత్రి ఆఫీసుకు రాసిండు, నా పేరు బయట పెట్టకుండ్రి అని సుత రాసిండు. ఆ ఉత్తరం పేరుతోటే ఆఫీసులు తిరిగింది. 2003 నవంబర్ 27 తెల్లారుజామున గయల ఆయన్ను కాల్చి చంపిండ్రు. దోపిడీ దొంగల పని అని సీబీఐ కేసు, 2010ల ముగ్గురికి శిక్ష పడ్డది. ఎవరు చంపినా గాని, పేరు దాయమన్న ఉత్తరం పేరుతోటి తిరిగిందన్నది మాత్రం మాసిపోయే మచ్చ కాదు. దేశమంత గొడవైంది, విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది, అప్పుడు 2004 ఏప్రిల్ 21న సర్కారు ఈ పీఐడీపీఐ తీర్మానం చేసి సీవీసీకి అప్పజెప్పింది. మరుసటేడే, 2005 నవంబర్ల, ఇండియన్ ఆయిల్ల పనిచేసే మంజునాథ్ అనే పిలగాన్ని యూపీ లఖీంపూర్ ఖేరీల కల్తీ పెట్రోల్ బంకును అడ్డుకున్నందుకు చంపిండ్రు. ఆయనకు 27 ఏండ్లు.

తీర్మానం అంటే చట్టం కాదు, చూడండ్రి. చట్టం సుత చేసిండ్రు, విజిల్ బ్లోయర్స్ ప్రొటెక్షన్ యాక్ట్ 2014, ఆ ఏడు మే నెలల రాష్ట్రపతి సంతకం సుత అయ్యింది. మస్తు మంచిగ ఉన్నది చదువుతుంటే. ఫిర్యాదు చేసినోని పేరు బయటపెడితే 3 ఏండ్ల దాక జైలు, 50 వేల దాక జరిమానా. కావాలని అబద్ధపు ఫిర్యాదు చేస్తే 2 ఏండ్లు, 30 వేలు. ఫిర్యాదు చేసినోన్ని వేధించిండ్రంటే, వేధించలేదని నిరూపించుకునుడు ఆఫీసు పని, ఫిర్యాదుదారు పని కాదు. ఇది అన్నిటికంటె పెద్ద మాట, మా తమ్మి ట్రాన్స్‌ఫర్ అప్పుడు ఇది అమల్ల ఉండి ఉంటే "పరిపాలనా కారణాలు" ఏందో వాళ్లే చెప్పాల్సి వచ్చు. గాని చట్టం చేసుడు ఒకటి, ఫలానా రోజు నుంచి అమలు అని నోటిఫికేషన్ ఇచ్చుడు ఇంకోటి. ఆ తారీకు ఇయ్యలే. 2015ల సవరణ బిల్లు అని పెట్టి లోక్‌సభల పాస్ చేసిండ్రు, రాజ్యసభల కాలే, 2019ల అది సుత మురిగిపోయింది. పెండ్లి కార్డులు పంచి ముహూర్తం పెట్టనట్టున్నది కథ.

దీని దెబ్బ మనకెక్కడ తగుల్తదంటే, వరంగల్‌ల కొలువులు ఎక్కువ రాష్ట్ర సర్కారుయే. కలెక్టరేట్, ఎంజీఎం దవాఖాన, కార్పొరేషన్, బడులు. ఆ చట్టం అమలైతే రాష్ట్ర ఉద్యోగులకు సుత రక్షణ వచ్చు. ఇప్పుడు రాష్ట్ర ఉద్యోగి తన ఆఫీసు మీద సీవీసీకి కవర్ పంపితే ఆ రూల్ దానికి వర్తించదు. ఏసీబీ 1064 ఉన్నది కదా అంటరు, ఉన్నది, మంచి నంబరే, లంచం అడిగిండ్రంటే పౌడర్ రాసిన నోట్లిచ్చి పట్టిస్తరు, పేపర్ల గులాబీ నీళ్ల సీసాల ఫోటో వస్తది. గాని అది పైసలు అడిగిన చెయ్యిని పట్టే పని, లోపలికెల్లి నోరు తెరిచినోని కొలువును కాసే పని కాదు. మా బామ్మర్ది రాష్ట్ర సర్కారుల సీనియర్ అసిస్టెంట్, నా కవర్ ముచ్చట విని "బావా, మీ సెంట్రల్ గవర్నమెంటోళ్లకన్న ఒక కవర్ ఉన్నది, మాకు అది సుత లేకపాయె" అన్నడు.

ఇగ కుర్చీ ముచ్చట. సీవీసీ 1964ల సంతానం కమిటీ చెప్తే పెట్టిండ్రు, 2003ల చట్టం వచ్చింది. పైన ఒక సెంట్రల్ విజిలెన్స్ కమిషనర్, ఆయన కింద ఇద్దరి దాక విజిలెన్స్ కమిషనర్లు. 4 ఏండ్లు లేకపోతే 65 ఏండ్ల వయసు, ఏది ముందైతే అది. ప్రధాని, హోం మంత్రి, ప్రతిపక్ష నాయకుడు కూసుని పేరు చెప్తే రాష్ట్రపతి నియమిస్తడు. తీసెయ్యాలంటే ఊకనే కాదు, తప్పు చేసిండని సుప్రీంకోర్టు విచారణల తేలాలె. దిగినంక సర్కారుల ఇంకో కొలువు చెయ్యొద్దు. ఈ చివరి రూల్ రాసినాయన ఎవరో గాని మనిషి స్వభావం తెల్సినోడు, రేపు కొలువు ఇస్తడనుకునేటోని మీద ఇయ్యాల ఎవడన్న కేసు రాస్తడా.

అచ్చంగ ఉంటే మంచి ఏర్పాటే. గాని 2010ల పీజే థామస్ గారిని పెట్టిండ్రు, ఆయన మీద కేరళ పామాయిల్ కేసు పెండింగుల ఉన్నదని ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్ ఒప్పుకోలే, అయినా ఇద్దరు ఒకటై పెట్టేసిండ్రు. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని కొట్టేసింది. మనిషి మంచోడా కాదా అని కాదు, ఆ కుర్చీకున్న నిజాయితీ సంగతేందని అడిగింది కోర్టు. ఇది చదివి నాకు ఒక స్టార్ తిరిగొచ్చింది, ఎందుకంటే కనీసం అడిగేటోడు ఉన్నడు. మళ్లీ ఎందుకు పోయిందంటే, 2021 జూన్ల సంజయ్ కొఠారి గారు దిగిపోయినంక పూర్తి స్థాయి కమిషనర్‌ను పెట్టేటందుకు 2022 ఆగస్ట్ దాక పట్టింది, ఏడాది మీద! అప్పటిదాక సురేష్ ఎన్ పటేల్ గారు ఇన్‌ఛార్జిగ నడిపి, తర్వాత ఆయన్నే పెట్టిండ్రు. ఆయన మన ఆంధ్రా బ్యాంకుకు ఎండీగ చేసినాయనే, బ్యాంకులకెల్లి ఆ కుర్చీకి వచ్చిన మొదటి మనిషి, మా పాస్‌బుక్ మీద బ్యాంకు పేరు మారిపోయింది గాని ఆయన ఢిల్లీకి పోయి అంత పెద్ద కుర్చీల కూసున్నడని చదివి ఎందుకో సంతోషమైంది. ఇన్‌ఛార్జి మీద నడిచే ఆఫీసు ఎట్లుంటదో సర్కారు కొలువు చేసినోల్లకు చెప్పాల్నా. సంతకం పెడ్తడు, గీత దాటడు. ఆ మనిషి ఎంత మంచోడైనా, ఇన్‌ఛార్జి అన్న మాటనే ఆయన చెయ్యి పట్టి ఆపుతది.

ఇంకోటి, సీవీసీ సలహా ఇస్తది, శిక్ష ఎయ్యది. శిక్ష మళ్లీ ఆ డిపార్ట్‌మెంటే ఎయ్యాలె. పంచాయితీల పెద్దమనిషి తీర్పు లెక్క, వింటే విన్నట్టు.

ఇదంత మన దగ్గర ఉన్న గోసనే అనుకున్న, అమెరికాల అంత సక్కగుంటదని. మా మేనకోడలు అక్కడ ఒక ఫెడరల్ ఆఫీసుల పనిచేస్తది, 2025 ఫిబ్రవరిల ఫోన్ చేసి "మామా, నువ్వు ఢిల్లీకి కవర్ పంపినవంట కదా, అమ్మ చెప్పింది" అన్నది. (మా చెల్లెకు ఏం చెప్పినా ఖండాలు దాటుతది.) వాళ్ల ఆఫీసుల సుత ఏదో లెక్కల తేడా, ఫిర్యాదు చేద్దామా వద్దా అని. అక్కడ దీనికోసమే ఒక ఆఫీసు ఉన్నదట, ఆఫీస్ ఆఫ్ స్పెషల్ కౌన్సిల్. టీవీల వచ్చే స్పెషల్ కౌన్సిల్, అదే ప్రెసిడెంట్ల మీద కేసులు చూసే లాయర్లు, వాళ్లు కాదు, పేరు ఒక్కటే. ఇది 1979ల మొదలైంది, 1989 చట్టంతోటి సొంత కాళ్ల మీద నిలబడ్డది. ఉద్యోగి మీద కక్ష తీర్చుకుంటే అది విచారించి, ఒక బోర్డు ముందల పెట్టి, ఆ ఆర్డర్‌ను ఆపించగలుగుతది. ఆపించగలుగుతది! మనకు లేనిది అదే.

ఆ ఆఫీసు పెద్దకు 5 ఏండ్ల పదవి, సెనేట్ ఒప్పుకోవాలె, చేతకానితనమో, నిర్లక్ష్యమో, దుష్ప్రవర్తనో ఉంటేనే తీయాలె అని చట్టంల రాసున్నది. హాంప్టన్ డెల్లింజర్ అనే ఆయన ఉండె, 2024ల వచ్చిండు. 2025 ఫిబ్రవరి 7, శుక్రవారం రాత్రి, వైట్ హౌస్ నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది, నిన్ను తీసేసినం అని, కారణం లేదు. ఆయన కోర్టుకు పోయిండు, కింది కోర్టు జడ్జి మళ్లీ కూసోపెట్టింది. ఆ కొన్ని వారాలల్ల ఆయన ఊకోలే, కొత్తగ చేరిన ఉద్యోగులను గుంపులు గుంపులుగ తీసేస్తుంటే అది చట్ట విరుద్ధమని బోర్డు ముందల కొట్లాడిండు, మార్చి 5న వ్యవసాయ శాఖల దగ్గర దగ్గర 6 వేల మందిని 45 రోజులు మళ్లీ కొలువుల పెట్టుమని బోర్డు ఆర్డర్ ఇచ్చింది. అదే రోజు పై కోర్టు ఈయన్ను తీసెయ్యొచ్చని చెప్పింది. 6 వేల మంది కొలువు నిలబెట్టిన రోజే ఆయన కొలువు పోయింది. మర్నాడు కేసు వాపసు తీసుకున్నడు.

తర్వాత ఆ కుర్చీల ఎవరిని కూసోపెట్టిండ్రో చూస్తే మా ఆఫీసే నయం అనిపించింది. ఇన్‌ఛార్జిగ ముందు మాజీ సైనికుల శాఖ మంత్రి పేరు చెప్పిండ్రు, ఆ శాఖ మీదనే అక్కడికి ఫిర్యాదులు మస్తు వస్తయట, తర్వాత వాణిజ్య ఒప్పందాలు చూసే జేమీసన్ గ్రీర్‌కు అదనంగ ఇచ్చిండ్రు. టారిఫ్‌లు చూసుకునే మనిషికి విజిల్‌బ్లోయర్ల ఆఫీసు అదనపు బాధ్యత! పూర్తి స్థాయికి పాల్ ఇంగ్రాసియా అనే 30 ఏండ్ల లాయర్ పేరు పెట్టిండ్రు, సొంత పార్టీ సెనేటర్లే వద్దనేసరికి అదే ఏడు అక్టోబర్ల తప్పుకున్నడు.

ఇప్పుడే ఇట్లైంది అనుకోకుండ్రి. 2004 నుంచి 2008 దాక స్కాట్ బ్లాక్ అని ఒకాయన అదే కుర్చీల ఉండె, ఆయన సొంత స్టాఫే మమ్ములనే వేధిస్తున్నడని ఆయన మీద ఫిర్యాదు చేసిండ్రు. విజిల్‌బ్లోయర్ల ఆఫీసుల విజిల్‌బ్లోయర్లు! ఆఫీసు కంప్యూటర్లు బయటి రిపేర్ కంపెనీతోటి తుడిపించిండు, 2008 మేల ఎఫ్‌బీఐ వచ్చి సోదా చేసింది, తర్వాత కోర్టుల నేరం ఒప్పుకున్నడు. ఆయన పోయినంక రెండున్నరేండ్ల పైన కుర్చీ ఖాళీ. 2011ల కరోలిన్ లెర్నర్ అనే ఆమె వచ్చినంక గాని ఆ ఆఫీసు మీద మళ్లీ నమ్మకం కుదరలే అంటరు, మాజీ సైనికుల దవాఖానలల్ల దొంగ వెయిటింగ్ లిస్టుల సంగతి 2014ల బయట పడ్డప్పుడు చెప్పిన డాక్టర్లకు, నర్సులకు అండగ నిలబడ్డది ఆమెనే. అదే బిల్డింగు, అదే చట్టం, అదే ఫారం. కూసున్న మనిషి మారిండు, గంతే.

మేనకోడలు అడిగింది, "మరి నన్ను పంపుమంటవా వద్దంటవా మామా" అని. ఏం చెప్పాలె. నేను పంపినప్పుడు ఢిల్లీ కుర్చీల ఎవరున్నరో సుత చూస్కోలే, చూస్కుంటే పంపకపోదునేమో. "ముందు కాయితాలు జమ చేసుకోబిడ్డా, తారీకులతోటి" అని చెప్పిన. ఆ ఫారం ఇంకా ఆమె లాప్‌టాప్ల డ్రాఫ్ట్ లెక్కనే ఉన్నదట.

అందుకే స్టార్లు ఇట్ల పంచిన. పేరు దాచుడు 5. పోస్టాఫీసు అనుభవం 5, ఆ పిల్లకు ఇంకోటి ఎక్స్‌ట్రా ఇద్దును గాని లేదు. ఫిర్యాదు ఏమైందో చెప్పుడు 1, రూలే చెప్పొద్దని ఉన్నది సరే, గాని కేసు ముగిసింది అని ఒక్క లైన్ రాస్తే ఏం పోతది. కక్ష కడితే కాపాడుడు, నాకు అవసరం పడలే కాబట్టి సొంతంగ మార్కు ఎయ్యలేను, కమిషన్‌కు రాసుకుంటే చూస్తరని రూల్ల ఉన్నది, చట్టం అమలు కానంత కాలం 2 కంటే ఎక్కువ ఇయ్య. కుర్చీకి సుత 2.

వాడేటోళ్లకు రెండు మాటలు. ఆఫీసు కంప్యూటర్ల టైపు చెయ్యకుండ్రి, ఆఫీసు జిరాక్స్ వాడకుండ్రి, నీ ఒక్కనికే తెల్సిన సంగతి రాస్తే పేరు లేకున్నా నిన్నే పట్టుకుంటరు, నలుగురు చూడగలిగే రిజిస్టర్ నంబర్లు, తారీకులు రాయండ్రి. తిట్లు రాయకుండ్రి, నేను మొదటి డ్రాఫ్టుల రాసిన, చింపేసిన. ఇంకోటి, లోపల ఇచ్చే అడ్రస్ ఆలోచించి ఇయ్యండ్రి, ఎందుకంటే ఆ "మీరేనా రాసింది" ఉత్తరం అక్కడికే వస్తది. మాకు వచ్చిననాడు నేను ఇంట్ల లేను, మా ఇంటామె తీసుకున్నది, ఢిల్లీ నుంచి ఏం ఉత్తరమండి అని అడిగింది. పెన్షన్ పేపర్ల గురించి అని చెప్పిన. జాగ్రత్తగ ఎల్ఐసీ పాలసీల కవర్ల పెట్టింది, మొన్న లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యపోతుంటే "ఆ ఢిల్లీ ఉత్తరం సుత తీస్కపో, మళ్లీ అడుగుతరు" అని సంచిల పెట్టి పంపింది.